పాత లారీ పొగ: రింగుల కంటే ముందు దుమ్ముదారి

అనంతపురం నుంచి తాడిపత్రి వైపు వెళ్లే బండ్లన్నీ బుక్కరాయసముద్రం మీదుగానే పోవాలి. ఇప్పుడు ఆ రోడ్డును 544డి జాతీయ రహదారి అంటున్నారు. తాడిపత్రి బండలు, సిమెంటు, నార్పల, పుట్లూరు అరటి, చీనీకాయలు, మార్కెట్టుకు పోయే టమాటా అన్నీ ఈ దారినే కదులుతాయి. వాటిని మోసే లారీల్లో వయసు మళ్లినవి తక్కువేం కాదు. బుక్కరాయసముద్రం చెరువు దగ్గర గేరు మార్చి లాగేటప్పుడు వెనక వచ్చేవాడి కళ్లు మండుతాయి. డ్రైవరు షెడ్డుకు తీసుకుపోతే తీర్పు వెంటనే వస్తుంది: "రింగులు పోయినాయప్పా, ఇంజిన్ దించాల."

ఆ తీర్పు ఒక్కోసారి నిజమే. చాలాసార్లు తొందరపాటు. నిజమైనప్పుడు కూడా అది సగం నిజమే, ఎందుకంటే రింగులు ఎందుకు పోయాయో ఎవరూ అడగరు. పొగను, బ్రీదర్ గాలిని చూసి ఇంజిన్ లోపలి సంగతి కనిపెట్టే పద్ధతులు చాలానే ఉన్నాయి. వాటిలో దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో, మన నేలమీద ఏది ముందు చూడాలో తేల్చడం ఈ వ్యాసం పని.

ముందు ఇంజిన్ల సంగతి. మన రోడ్లమీది పాత టాటా లారీల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి 697. ఆరు సిలిండర్లు, 97 మి.మీ. బోరు కాబట్టి ఆ పేరు. మెర్సిడెస్‌తో టాటా కలిసి పనిచేసిన కాలపు వారసత్వం అది. 407 బండిలోని నాలుగు సిలిండర్ల 497కు కూడా బోరు అంతే. రెండోది కమ్మిన్స్ 6బీటీ, 5,883 సీసీ. 1993లో మొదలైన టాటా కమ్మిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో దీన్ని తయారు చేసింది. ఇదే 5.9 లీటర్ల ఇంజిన్‌ను అమెరికాలో 1989 నుంచి డాడ్జ్ పికప్పులకు బిగించారు. ఇవిగాక లేలాండ్ బండ్లు, అందులో హినో ఇంజిన్లు. పాతతరం బండ్లన్నిటికీ ఉన్న ఉమ్మడి గుణం ఒకటుంది. డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. సెన్సర్లు లేవు, కంప్యూటర్ పెట్టి కోడ్ చదివే వీలు లేదు. కన్ను, ముక్కు, చెయ్యి, కొన్ని చవక పనిముట్లు, ఇవే ఆధారం.

బ్లోబైని మన షెడ్లలో "బ్యాక్ కంప్రెషన్" అంటారు. సిలిండర్‌లో మండిన గ్యాసు పిస్టన్ రింగులను దాటి కిందికి, ఆయిల్ సంపులోకి జారడమే అది. ఏ ఇంజిన్‌లోనూ ఇది సున్నా కాదు. కొత్త రింగుకు కూడా కొనల మధ్య సన్నని సందు ఉంచుతారు, వేడికి వ్యాకోచించాలి కనుక. జారిన గ్యాసు బ్రీదర్ పైపులోంచి బయటికి పోవాలి. పాత బండ్లలో ఆ పైపు నేరుగా రోడ్డుమీదికి వేలాడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రింగు తన స్ప్రింగు బలంతో మాత్రమే బోరుకు అతుక్కోదు. మంట తాలూకు ఒత్తిడి రింగు వెనకకు చేరి, దాన్ని గోడకేసి అదుముతుంది. లోడు పెరిగేకొద్దీ అదుము పెరుగుతుంది. అందుకే న్యూట్రల్‌లో ఆడుతున్న ఇంజిన్ బ్రీదర్‌ను చూసి తీర్పు చెప్పడం సగం పరీక్షే. ఐడిల్‌లో కాస్త ఆవిరి కనిపించి, లోడుమీద మామూలుగా లాగే ఇంజిన్ ఇంకా చాలాకాలం బతుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బ్రీదర్ పైపు రైలింజిన్‌లా కొట్టి, ఆయిల్ చుక్కలు కూడా చిమ్ముతుంటే అప్పుడు అనుమానించాలి. అది కూడా ఇంజిన్ బాగా వేడెక్కాకే. చల్లటి ఇంజిన్‌లో పిస్టన్ ఇంకా వ్యాకోచించి ఉండదు, గ్యాసు ఎక్కువే జారుతుంది.

పొగ రంగు దగ్గరికి వద్దాం. నల్లపొగ తేలిక కేసు. గాలికి మించి డీజిల్ పడిందని అర్థం. కిలో డీజిల్ మండడానికి పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. పొగ లేకుండా మండాలంటే ఇంకా ఎక్కువే ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ పూడిపోయినా, టర్బో నుంచి వచ్చే హోస్ పైపు చీలినా, ఎగ్జాస్ట్ బ్రేకు రెక్క సగం మూసుకుని ఇరుక్కున్నా, నాజిల్ చుక్కలు కార్చినా నల్లపొగే. బండి లాగాలని పంపులో డీజిల్ పెంచించుకోవడం మన దగ్గర అలవాటు. పెంచిన పంపుకు సరిపడా గాలి లేకపోతే ఆ డీజిల్ బలంగా మారదు, మసి అవుతుంది. నల్లపొగకు రింగులు అసలు కారణం కావడం అరుదు.

తెల్లపొగలో రెండు రకాలున్నాయి. కళ్లు మండించి, పచ్చి డీజిల్ వాసన కొట్టేది మండని ఇంధనం. తియ్యటి వాసనతో, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ వచ్చేది హెడ్డు గ్యాస్కెట్టో, హెడ్డు పగులో. పొద్దున్నే స్టార్ట్ చేసిన కాసేపటికి తగ్గిపోయే తెల్లపొగకు అంతగా భయపడనక్కర్లేదు. వేడెక్కాక కూడా తగ్గకపోతే పంపు టైమింగ్ వెనకబడటం, ఒక నాజిల్ పాడవడం, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గడం, వీటిలో ఒకటై ఉంటుంది. ఏ సిలిండరో తెలుసుకోవడానికి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూస్తారు. ఏ నట్టు వదిలినా ఇంజిన్ చప్పుడు మారాలి. మారని చోటే దొంగ ఉన్నాడు. పాత మెకానికల్ పంపులకే ఇది పనికొస్తుంది, అదీ గుడ్డ కప్పి, చెయ్యి దూరంగా పెట్టి. నాజిల్ విచ్చుకునే ఒత్తిడి సుమారు 200 బార్ ఉంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకు పోతుంది. కామన్‌రైల్ ఇంజిన్ మీద మాత్రం ఈ పని ఎన్నడూ చేయకూడదు.

నీలంపొగ దగ్గరే తప్పులు ఎక్కువ జరుగుతాయి. నీలం అంటే ఆయిల్ మండుతోంది. ఆయిల్ మంటలోకి వచ్చే దారులు మాత్రం నాలుగైదు. ఎప్పుడు వస్తోందో గమనిస్తే దారి తెలుస్తుంది. ఇదే రహదారి మీద గాజులపల్లె దాటాక నల్లమల ఘాటులో ఎక్సెలేటర్ వదిలి దిగి, కింద మళ్లీ తొక్కగానే ఒక గుంపు నీలంపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ గైడ్లను చూడాలి. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ వస్తుంటే రింగులు, బోరు. ఇంజిన్ చాలాసేపు ఐడిల్‌లో ఆడాక వస్తే టర్బో సీలు. ఆయిల్ గీత దాటి ఎక్కువ పోసినా పొగ వస్తుంది, బ్రీదర్ నుంచి ఆయిల్ కూడా కారుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడకుండా హెడ్డు దించిన షెడ్లు ఉన్నాయంటే బాధగా ఉంటుంది.

డిప్‌స్టిక్ ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, వాసన చూస్తే డీజిల్ కొడుతుంటే, నాజిల్ కారుతోందో, పంపు లోపలి నుంచి డీజిల్ సంపులోకి దిగుతోందో అనుకోవాలి. కారే నాజిల్ సిలిండర్ గోడమీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. రింగు ఎండు గోడమీద రాసుకుంటుంది. పల్చబడిన ఆయిల్ బేరింగులనూ కాపాడదు. ఇలాంటి బండికి రింగులు మాత్రం మార్చి నాజిళ్లు వదిలేస్తే కొత్త రింగులు కూడా అదే దారి పడతాయి.

ఇప్పుడు ప్రతి షెడ్డులో చేసే పరీక్ష: ఆయిల్ పోసే మూత తీసి, తిరగేసి ఆ రంధ్రం మీద పెట్టి, ఎగురుతుందా ఆడుతుందా చూడటం. ఖర్చు లేనిది, ఒక నిమిషం పని. కానీ దీనిమీద నాకు నమ్మకం తక్కువ. పాత ఇంజిన్ అన్నాక మూత కొంచెం ఆడుతుంది. కొన్నిట్లో ఆ రంధ్రం నేరుగా రాకర్ల పైన ఉంటుంది, అక్కడి చలనానికే మూత కదులుతుంది. మూత ఎగిరి పడితే అది గట్టి సూచన. ఎగరకపోతే బాగున్నట్టు కాదు. బ్రీదర్ పైపు మసితో పూడిపోయి ఉంటే గ్యాసు సీళ్లగుండా ఆయిల్‌ను తోసేస్తుంది. అలాంటి బండికి సీళ్లు పదేపదే మారుస్తుంటారు గానీ పైపును శుభ్రం చేయరు.

దీనికంటే మేలైన చవక పరీక్ష నీళ్ల గొట్టం. పారదర్శకమైన ప్లాస్టిక్ పైపును యు ఆకారంలో వంచి సగం నీళ్లు పోసి, ఒక కొనను డిప్‌స్టిక్ గొట్టానికి గాలి పోకుండా తగిలిస్తే, సంపులోని ఒత్తిడి ఎన్ని అంగుళాల నీటిని ఎత్తుతోందో కళ్లకు కనిపిస్తుంది. కంపెనీల సర్వీసు పుస్తకాల్లో ఉండే హద్దులు బ్రీదర్‌కు నిర్దిష్టమైన సన్న రంధ్రం బిగించి కొలిచినవి, వాటితో నేరుగా పోల్చకూడదు. అదే బండిని, అదే వేడిమీద, అదే స్పీడులో కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాసుకుంటే చాలు. నెలనెలా పెరుగుతోందా, నిలకడగా ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఆర్టీసీ డిపోల్లో బండివారీగా డీజిల్, ఆయిల్ లెక్క రాస్తారు. ఒక్క లారీ ఉన్న యజమానికి కూడా ఆ పని కష్టమేం కాదు.

బ్లోబై చూసి మోసపోయే సందర్భం ఒకటి వివరంగా చెప్పాలి. నేను చూసిన ఒక టాటా 1613 బండి, టర్బో లేనిది. బ్రీదర్ గట్టిగా కొడుతోంది, ఆయిల్ తాగుతోంది. ఇంజిన్ దించడానికి బేరం కూడా కుదిరింది. అయితే ఎయిర్ ట్యాంకు కింద డ్రెయిన్ తిప్పితే నీళ్లతోపాటు నల్లటి ఆయిల్ కారింది. అక్కడ ఆగి ఆలోచించాలి. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ కూడా పిస్టన్, రింగులు ఉన్న చిన్న యంత్రమే. అది ఇంజిన్ ఆయిల్‌తోనే నడుస్తుంది. దాని రింగులు అరిగితే ఒత్తిన గాలి దాని అడుగునుంచి ఇంజిన్ సంపులోకే దిగుతుంది, బ్రీదర్‌లోంచే బయటికొస్తుంది. చూసేవాడికి ఇంజిన్ రింగులు పోయినట్టే ఉంటుంది. చక్రాలకు రాళ్లు పెట్టి, కంప్రెసర్ డెలివరీ పైపు విప్పి ఇంజిన్ ఆడిస్తే బ్రీదర్ హోరు సగానికి పైగా తగ్గింది. కంప్రెసర్ మరమ్మతు చేశారు, ఇంజిన్ దించలేదు. టర్బో ఉన్న బండ్లలో టర్బో సీలు కూడా ఇలాగే మోసం చేస్తుంది. లోడుమీద టర్బో గాలి సీలు దాటి, ఆయిల్ రిటర్న్ పైపు గుండా సంపులోకి చేరుతుంది. కాబట్టి "బ్యాక్ కంప్రెషన్" అన్న మాట వినగానే ముందు కంప్రెసర్, తర్వాత టర్బో, ఆ తర్వాతే ఇంజిన్ రింగులు.

రింగులేనా అని తేల్చాలంటే రెండు పరీక్షలున్నాయి. కంప్రెషన్ గేజి అందరికీ తెలిసినదే. బ్యాటరీ బలంగా ఉండాలి, ఇంజిన్ వెచ్చగా ఉండాలి, అన్ని సిలిండర్లూ కొలవాలి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. పెట్రోల్ ఇంజిన్లలో చేసినట్టు చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవడం డీజిల్‌కు పనికిరాదు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైన మిగిలే ఖాళీ చాలా తక్కువ. ఆ ఆయిలే చోటు నింపేసి దొంగ అంకె చూపిస్తుంది.

నా తూకంలో వీటన్నిటికంటే పైన ఉండేది గాలి పరీక్ష. పిస్టన్‌ను కంప్రెషన్ పైకొనలో నిలిపి, నాజిల్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి, అది ఎక్కడికి పోతోందో చెవి పెట్టి వినడం. బ్రీదర్‌లో శబ్దమైతే రింగులు. సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్. ఎయిర్ ఫిల్టర్ వైపు వస్తే ఇన్‌లెట్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలైతే గ్యాస్కెట్. గాలికి వేరే యంత్రం కూడా అక్కర్లేదు, టైరు షాపు కంప్రెసర్ చాలు, సరిపడే అడాప్టర్‌ను లేత్ షాపులో చేయించుకోవచ్చు. గాలి ఎక్కగానే ఇంజిన్ విసురుగా తిరగబోతుంది కాబట్టి గేరులో ఉంచి, క్రాంక్ నట్టు మీద స్పానర్ ఉండిపోకుండా చూసుకోవాలి. ఈ పరీక్ష చేయకుండా హెడ్డు దించమనే మెకానిక్కును "అన్నా, ముందు గాలి పెట్టి చూద్దాం" అని అడగడానికి యజమాని మొహమాటపడకూడదు.

ఇక అసలు విషయం, ఈ నేల. అనంతపురం జిల్లా ఏడాది సగటు వాన 550 మి.మీ.కు కాస్త అటూ ఇటూ. ఆషాఢం గాలికి ఎర్రనేల లేస్తుంది. హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుకమేటలే పొలాలమీదికి కదులుతాయి. ఓబుళాపురం, బళ్లారి గనుల కాలంలో ఖనిజం మోసిన టిప్పర్లు ఆ ఎర్రదుమ్ములోనే బతికాయి. 2011లో సుప్రీంకోర్టు బళ్లారి గనులను ఆపేంతవరకూ ఆ రోడ్లమీద ఎదుటి బండి కనిపించేది కాదు.

దుమ్ములో ఉండే సిలికా ఇంజిన్ బోరు ఇనుముకంటే గట్టిది. పెద్ద రేణువులంటేనే భయం, సన్నటివి ఏం చేస్తాయి అనుకుంటారు. నిజానికి హాని ఎక్కువ చేసేవి అయిదు నుంచి ఇరవై మైక్రాన్ల రేణువులు. రింగుకూ బోరుకూ మధ్య ఉండే ఆయిల్ పొర మందం దాదాపు ఆ కొలతకు దగ్గర్లోనే ఉంటుంది. అందులో ఇరుక్కున్న రేణువు రెండు వైపులా చెక్కుతుంది. కంటికి కనిపించని ఈ దుమ్ము గుప్పెడు లోపలికి పోయినా మంచి ఇంజిన్‌ను ముసలిదాన్ని చేస్తుంది.

అది లోపలికి వెళ్లే దారి చాలాసార్లు ఫిల్టర్ కాగితం కాదు, ఫిల్టర్ దాటాక ఉండే పైపు. ఎయిర్ క్లీనర్ నుంచి మానిఫోల్డుకో టర్బోకో పోయే రబ్బరు గొట్టం ఎండకు పగులుతుంది. క్లిప్పు వదులైతే ఇనుప తీగ కడతారు. తెల్లటి గుడ్డ తీసుకుని ఆ పైపు లోపల, ఫిల్టర్ దాటిన చోట, వేలు పెట్టి తుడవాలి. గుడ్డ శుభ్రంగా రావాలి. ఎర్రటి చార వస్తే, ముఖ్యంగా క్లిప్పు దగ్గర పలచటి చెట్టుకొమ్మలా పాకిన గీతలు కనిపిస్తే, ఆ ఇంజిన్ దుమ్ము తింటోంది. టర్బో ఉంటే దాని గాలి రెక్కల అంచులు చూడాలి. పదును పోయి నునుపుగా అరిగి ఉంటే దుమ్ము చాలాకాలంగా పోతోందని అర్థం. ఇదంతా పావుగంట పని, ఒక స్క్రూడ్రైవర్ చాలు.

కాగితపు ఫిల్టర్‌ను టైరు షాపులో గట్టి గాలి కొట్టించడం, నేలకేసి బాదడం మన దగ్గర మామూలైపోయింది. ఆ దెబ్బకు మడతల్లో సన్నని చిల్లులు పడతాయి, అంచున ఉన్న రబ్బరు సీలు వంకరపోతుంది. ఫిల్టర్ లోపల బల్బు వెలిగించి చీకట్లో చూస్తే ఆ చిల్లులు నక్షత్రాల్లా మెరుస్తాయి. అలా మెరిసిన ఫిల్టర్‌ను పారేయాలి, ఎంత ఖరీదైనా సరే. పాత ఆయిల్ బాత్ ఫిల్టర్లకు వేరే జబ్బుంది. గిన్నెలో ఆయిల్ గీత వరకు లేకపోతే దుమ్ము అంటుకోదు, ఎక్కువ పోస్తే ఆ ఆయిల్‌ను ఇంజిన్ పీల్చుకుని నీలంపొగ కొడుతుంది. ఆ పొగకు కూడా రింగుల మీదే నింద పడుతుంది.

దుమ్ముదారి మూయకుండా చేసిన బోరింగ్ పని నిలవదు. మన షెడ్లలో "హాఫ్ ఇంజిన్" (బోరు, రింగుల పని) చేసి పంపిన బండి ఏడాది తిరక్కుండా మళ్లీ పొగతో వచ్చిందంటే, రింగుల కంపెనీని తిట్టేముందు ఆ రబ్బరు గొట్టం ఎవరు మార్చారో అడగాలి.

దుమ్ముతోపాటు ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. లోడు లేకుండా గంటలకొద్దీ ఐడిల్‌లో ఆడించడం. ముందే చెప్పినట్టు లోడు లేనప్పుడు రింగు అదుము తక్కువ. సగం మండిన డీజిల్, ఆయిల్ కలిసి బోరు గోడమీద గాజులాంటి పొర కడుతుంది, దీన్నే గ్లేజింగ్ అంటారు. హోనింగ్‌లో చేసిన సన్న గీతలు పూడిపోయి ఆయిల్ నిలవదు. కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌ను "సెట్ అవ్వాల" అని రోజంతా ఐడిల్‌లో ఆడించడం ఈ కారణంగానే హాని చేస్తుంది. వేడెక్కాక మధ్యస్థమైన లోడుతో, స్పీడు మారుస్తూ నడిపితేనే రింగు బోరుతో పొందిక కుదురుతుంది. గ్లేజింగ్ మొదలైన ఇంజిన్‌ను కూడా కొన్నిసార్లు సరైన లోడు పని చేయించి కాపాడవచ్చు. ముదిరితే హోనింగ్ తప్పదు.

చట్టం చూసే పొగ వేరు. కాలుష్య పరీక్షలో బండిని నిలబెట్టి ఎక్సెలేటర్‌ను ఒక్కసారిగా తొక్కి సైలెన్సర్ పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు. బీఎస్-4 కంటే ముందటి డీజిల్ బండ్లకు హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. ఈ కొలత ప్రధానంగా మసిని పడుతుంది. బ్రీదర్ పైపు గుండా రోడ్డుమీద పడే గ్యాసు ఆ మీటరుకు కనపడదు. అందువల్ల బోరు బాగా అరిగిన బండి కూడా పంపు కాస్త తగ్గించుకుని సర్టిఫికెట్ తెచ్చుకోగలదు. సర్టిఫికెట్ ఉంది కాబట్టి ఇంజిన్ బాగుందనుకోవడం పొరపాటు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. రోడ్డువార టీ బంకుల్లో రోజంతా నిలబడేవాళ్ల ఊపిరి కోసమైనా ఈ పని శ్రద్ధగా చేయాలి.

ఒక్క ప్రమాదం మాత్రం వాయిదా వేయకూడదు. బ్రీదర్‌ను గాలి పైపుకు కలిపిన ఇంజిన్లలో బ్లోబై ముదిరినా, టర్బో సీలు పూర్తిగా పోయినా, ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి, స్టాప్ లాగినా ఆగకుండా హోరెత్తుతుంది. అప్పుడు పెద్ద గేరు వేసి, బ్రేకు తొక్కి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపాలి, లేదా గాలి నోటిని గట్టి పలకతో మూసేయాలి. అరచెయ్యి పెట్టకూడదు. ఆ స్థితికి దగ్గరపడ్డ బండిని లోడుకు పంపడం నేరమే.

బుక్కరాయసముద్రానికి దగ్గర్లోనే, గార్లదిన్నెలో, కేంద్ర వ్యవసాయ శాఖకు చెందిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ యంత్రాలను పరీక్షించాక విప్పి, బోరు అరుగుదలను, రింగు కొనల సందును కొలిచి నమోదు చేస్తారు. రైతులకు ట్రాక్టర్ల మీద శిక్షణ ఇస్తారు. జిల్లా లారీ యజమానుల సంఘాలు అడిగి, ఆ తరహా శిక్షణను లారీ మెకానిక్కులకు, డ్రైవర్లకు కూడా ఏర్పాటు చేయించాలి. ఎయిర్ క్లీనర్ పైపు తుడిచి చూడటం, గాలి పరీక్ష, నీళ్ల గొట్టం, ఈ మూడూ నేర్పడానికి ఒక్క రోజు చాలు. ఈలోగా బండి ఉన్న ప్రతివాళ్లకూ నా మనవి: ఇంజిన్ దించడానికి ఒప్పుకునే ముందు ఎయిర్ క్లీనర్ దాటాక ఉన్న క్లిప్పు విప్పించి, తెల్లగుడ్డతో మీ చేత్తో మీరే తుడిచి చూడండి.